పెట్రోలు కారు, విద్యుత్ కారు: త్వరణంలో ఎవరిది పైచేయి

కారు ఎంత త్వరగా వేగం పుంజుకుంటుందో తెలిపేది త్వరణం. మన రోడ్ల మీద దీన్నే పికప్ అంటారు. నిలబడి ఉన్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందన్నది దీనికి ప్రపంచమంతటా స్థిరపడిన కొలత. ఇరవయ్యో శతాబ్దం పొడవునా ఈ పోటీలో పెట్రోలు ఇంజనుకు ఎదురు లేకపోయింది. 2010 తర్వాత లెక్క తిరగబడింది. ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగే విద్యుత్ సెడాన్లు కూడా ఇద్దరు మాత్రమే పట్టే పేరున్న సూపర్ కార్లను సిగ్నల్ దగ్గరే వెనక్కి నెట్టడం మొదలుపెట్టాయి. అంతమాత్రాన విద్యుత్ కారుదే గెలుపని తేల్చేస్తే సగం నిజమే చెప్పినట్టు. వేగం పెరిగే కొద్దీ త్వరణాన్ని శాసించే అంశాలు మారిపోతాయి. మొదటి రెండు మూడు సెకన్లలో నెగ్గే గుణాలు వేరు, ఆ తర్వాత నెగ్గే గుణాలు వేరు.

ఒకే కంపెనీ, రెండు కార్లు

పోల్చి చూడటానికి జర్మనీ కంపెనీ పోర్షె మంచి జత ఇచ్చింది. 2019లో వచ్చిన టేకాన్ టర్బో ఎస్ పూర్తి విద్యుత్ కారు. దాని పేరులో టర్బో ఉన్నా లోపల ఇంజనుకు గాలిని ఒత్తి పంపే టర్బోచార్జరు లేదు. 2020లో వచ్చిన 911 టర్బో ఎస్‌లో 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, దానికి రెండు టర్బోలు ఉన్నాయి. రెండు కార్లలోనూ నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. కొలిచిన కంపెనీ ఒక్కటే కాబట్టి, కొలిచే పద్ధతుల తేడా గురించిన పేచీ ఉండదు.

టేకాన్ గరిష్ఠ శక్తి 761 హార్స్‌పవర్, బరువు 2,295 కిలోలు. 911 శక్తి 650 హార్స్‌పవర్, బరువు 1,640 కిలోలు. కంపెనీ ప్రకటన ప్రకారం 100 కి.మీ. వేగానికి చేరడానికి టేకాన్‌కు 2.8 సెకన్లు, 911కు 2.7 సెకన్లు పడతాయి. ఈ 0.1 సెకను తేడా కంటికి ఆనదు. అవే కార్లు 200 కి.మీ. చేరేసరికి 911కు 8.9 సెకన్లు, టేకాన్‌కు 9.8 సెకన్లు. ఇక్కడ తేడా దాదాపు ఒక సెకను, అంటే ఆ వేగంలో అనేక కార్ల పొడవంత దూరం. గరిష్ఠ వేగంలో తేడా మరింత పెద్దది: 911ది 330 కి.మీ., టేకాన్‌ది 260.

ఆరున్నర క్వింటాళ్లు ఎక్కువ బరువున్న కారు మొదటి వందలో ఇంచుమించు సమానంగా నిలిచి, రెండో వందలో ఎందుకు వెనకబడింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మొత్తం విషయం అర్థమైనట్టే.

మొదటి వందలో టైరుదే మాట

కారు కదిలేది టైరు నేలను పట్టుకుని వెనక్కి నెట్టినప్పుడు. ఆ పట్టుకు మించి ఇంజను తోస్తే చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది, పొగ వస్తుంది, కారు ముందుకు పోదు. మామూలు తారు రోడ్డు మీద మంచి టైరు ఇవ్వగల తోపు దాని మీద పడే బరువుకు దాదాపు సమానం. అంటే నాలుగు చక్రాలూ తోసే కారుకు దొరికే త్వరణం సుమారు 1 జి, సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. ఆ లెక్కన 100 కి.మీ. వేగానికి 2.83 సెకన్లు పడుతుంది. పైన చెప్పిన రెండు పోర్షెలూ ఈ అంకె చుట్టూనే తిరుగుతున్నాయన్నది గమనించాలి. మెత్తని, జిగురు టైర్లు వేస్తే పట్టు ఇంకా పెరుగుతుంది. అందుకే రెండు సెకన్ల దగ్గరి అంకెలు సాధ్యమవుతున్నాయి.

ఈ దశలో బరువు పెద్ద అడ్డంకి కాదు. బరువు పెరిగితే కారును కదిలించడం కష్టమే, కానీ టైర్లను నేలకు అదిమే బలం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. రెండూ ఇంచుమించు చెల్లుకు చెల్లు. బ్యాటరీ భారం మోసే విద్యుత్ కారుకు ఇది పెద్ద వరం.

ఆ తర్వాత వచ్చేది శక్తి దశ. తోపును వేగంతో గుణిస్తే వచ్చేదే శక్తి. కాబట్టి అంతే తోపు కొనసాగించాలంటే వేగం పెరిగే కొద్దీ ఎక్కువ హార్స్‌పవర్ కావాలి. నష్టాలు పక్కన పెట్టి లెక్క వేస్తే, 1 జి త్వరణాన్ని నిలబెట్టడానికి టేకాన్ శక్తి సుమారు 90 కి.మీ. వేగం దాకా సరిపోతుంది. 911కు అదే హద్దు సుమారు 107 కి.మీ. ఆ హద్దు దాటాక టైరు పక్కకు తప్పుకుంటుంది, కిలో బరువుకు ఎంత శక్తి ఉందన్నదే తేలుస్తుంది. 150 కి.మీ. దగ్గర, గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, 911కు 0.71 జి మిగిలితే టేకాన్‌కు 0.6 జి మాత్రమే మిగులుతుంది.

గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుందన్న బడి పాఠం ఇక్కడ పనికొస్తుంది. రెండు టన్నుల కారును 100 కి.మీ. వేగానికి చేర్చడానికి కావలసిన గతిశక్తి సుమారు 0.21 యూనిట్ల కరెంటుతో సమానం. అక్కడి నుంచి 200కు చేర్చడానికి దానికి మూడు రెట్లు కావాలి. దానికి తోడు గాలి నిరోధాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. రెండో వంద మొదటి వందలాంటిది కాదు.

ఇంజను స్వభావం, మోటారు స్వభావం

పెట్రోలు ఇంజను ఆగి ఉన్నప్పుడు టార్క్, అంటే తిప్పే బలం, ఇవ్వలేదు. నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతూ ఉంటేనే అది బతికి ఉంటుంది. ఆ తిరుగుతున్న ఇంజనును ఆగి ఉన్న చక్రాలకు కలపడమే క్లచ్ పని. 911 టర్బో ఎస్‌తో గట్టిగా బయలుదేరే తీరును దగ్గరగా చూస్తే ఎంత పని జరుగుతుందో తెలుస్తుంది. డ్రైవరు ఎడమ కాలితో బ్రేకు నొక్కి పట్టి, కుడి కాలితో యాక్సిలరేటరును నేలకు తొక్కుతాడు. లాంచ్ కంట్రోల్ ఇంజనును ఐదు వేల చుట్ల దగ్గర పట్టి ఉంచుతుంది. టర్బోల్లో ఒత్తిడి పేరుకుంటుంది. బ్రేకు వదలగానే క్లచ్ క్షణకాలం జారుతూ శక్తిని కొద్దికొద్దిగా చక్రాలకు వదులుతుంది. ఈ లోగా రెండో గేరు రెండో క్లచ్ మీద సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ విడిపోతూ ఉండగానే రెండోది కలుస్తుంది కాబట్టి గేరు మారినట్టు తెలియదు. వంద కిలోమీటర్ల వేగం అందుకునేలోగా ఈ పరికరాలన్నీ ఒకదాని వెంట ఒకటి తడబడకుండా పని చేయాలి. ఇంజనీర్ల తరాల శ్రమ అందులో ఉంది.

విద్యుత్ కారులో అదే పని కాలు తొక్కితే అయిపోతుంది. మోటారు సున్నా చుట్ల దగ్గరే పూర్తి టార్క్ ఇస్తుంది. క్లచ్ అక్కర్లేదు, చాలా కార్లలో గేర్లు మార్చే పనే ఉండదు. ఇంకో గొప్ప సుగుణం గురించి తక్కువగా చెప్పుకుంటారు: అదుపు. చక్రం జారబోతున్నట్టు సెన్సరు కనిపెట్టగానే, మోటారుకు కరెంటును సర్దే ఇన్వర్టర్ కొన్ని మిల్లీసెకన్లలో టార్క్‌ను సరిచేస్తుంది. ఇంజనులో ఆ పనికి ఇంధనాన్నో, గాలినో, స్పార్క్‌నో సర్దాలి, లేదా బ్రేకు వేయాలి. టైరు పట్టు అంచున కారును నిలబెట్టడంలో మోటారుకున్న ఈ నైపుణ్యమే, నా దృష్టిలో, దాని తొలి సెకన్ల ఆధిక్యానికి అసలు కారణం. ముందు, వెనక ఇరుసులకు వేరువేరు మోటార్లు ఉండటం ఆ నైపుణ్యాన్ని ఇంకా పెంచుతుంది.

మోటారుకూ హద్దు ఉంది. చుట్లు పెరిగే కొద్దీ దానిలో వ్యతిరేక వోల్టేజి పుడుతుంది. అది బ్యాటరీ వోల్టేజికి దగ్గరపడేసరికి టార్క్ తగ్గిపోతూ వస్తుంది. పెట్రోలు కారు ఎనిమిది గేర్లు మార్చుకుంటూ ఇంజనును దాని బలమైన చుట్ల దగ్గరే నిలపగలదు. ఒకే గేరున్న విద్యుత్ కారుకు ఆ వెసులుబాటు లేదు. పోర్షె టేకాన్ వెనక ఇరుసుకు రెండు గేర్లు పెట్టింది ఇందుకే. టెస్లా ఇంకో దారి పట్టింది. మోడల్ ఎస్ ప్లెయిడ్ మోటారు రోటరుకు కార్బన్ నారతో గట్టి తొడుగు చుట్టి, నిమిషానికి ఇరవై వేల చుట్లకు పైగా తిరిగినా విచ్చిపోకుండా చేసింది.

నడుస్తున్న కారులో తేడా ఇంకోలా కనిపిస్తుంది. 80 కి.మీ. వేగంలో లారీని దాటడానికి యాక్సిలరేటరు తొక్కితే టర్బో పెట్రోలు ఆటోమేటిక్ ముందు ఒకటి రెండు గేర్లు దిగాలి, టర్బో ఊపందుకోవాలి. అర సెకనో, ఇంకొంచెమో పోతుంది. విద్యుత్ కారు ఆ క్షణమే లాగుతుంది. రోజూ బండి నడిపేవాళ్లకు 0–100 అంకె కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం.

అంకెల వెనక పద్ధతులు

ప్రకటనల్లో కనిపించే సెకన్లు ఒకే తూకంతో తూచినవి కావు. అమెరికాలో 60 మైళ్ల వేగానికి, అంటే 96.6 కి.మీ.కి కొలుస్తారు. పైగా తిన్నని దారిలో జరిగే డ్రాగ్ రేసుల సంప్రదాయం ప్రకారం కారు మొదటి అడుగు దూరం కదిలాకే గడియారం మొదలవుతుంది. రేసు ట్రాకుల్లో కాంతి కిరణాన్ని టైరు దాటే తీరు వల్ల వచ్చిన ఆచారం అది. 1 జి త్వరణంతో బయలుదేరే కారు ఆ ఒక్క అడుగుకు పావు సెకను తీసుకుంటుంది, అడుగు దాటేసరికే సుమారు 9 కి.మీ. వేగంలో ఉంటుంది. అంటే లెక్క సున్నా నుంచి మొదలైనట్టు కాదు.

2021లో టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కు ప్రకటించిన 1.99 సెకన్ల అంకె ఇలా అడుగు మినహాయించినదే. అమెరికా పత్రిక మోటార్ ట్రెండ్ అదే పద్ధతిలో కొలిచినప్పుడు జిగురు పూసిన డ్రాగ్ ట్రాకు మీద 1.98 సెకన్లు, మామూలు తారు మీద 2.07 సెకన్లు వచ్చాయి. కారు అదే, డ్రైవింగ్ అదే, నేల మారిందంతే. యూరప్ కంపెనీలు సాధారణంగా అడుగు మినహాయించకుండా 100 కి.మీ.కి చెబుతాయి. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చే పాఠకులు ఈ మూడు అంశాల్ని ముందు సరిచూసుకోవాలి: ఏ వేగం దాకా, అడుగు మినహాయింపు ఉందా, నేల ఏమిటి.

పావు మైలు పరుగు, అంటే 402 మీటర్లు, ఇంతకన్నా నిజాయితీ గల పరీక్ష. దానిలో రెండు అంకెలుంటాయి: పట్టిన కాలం, గీత దాటేటప్పటి వేగం. మొదటిది బయలుదేరిన తీరును, రెండోది అసలు శక్తిని చెబుతుంది. ప్లెయిడ్‌కు టెస్లా చెప్పింది 9.23 సెకన్లు, గంటకు 155 మైళ్లు. 2023లో డాడ్జ్ తెచ్చిన పెట్రోలు కారు చాలెంజర్ డీమన్ 170కి 8.91 సెకన్లు, 151 మైళ్లు. కాలంలో డాడ్జ్ ముందు, చివరి వేగంలో టెస్లా ముందు. అంటే విద్యుత్ కారును పెట్రోలు కారు ఓడించింది బయలుదేరే దశలోనే! వెనక రెండు చక్రాలకే శక్తి ఇచ్చే ఆ కారుకు డ్రాగ్ రేసుల టైర్లు తొడిగారు. అధిక పాళ్లలో ఇథనాల్ కలిపిన ఇ85 ఇంధనంతో దాని 6.2 లీటర్ల వి8 ఇంజను 1,025 హార్స్‌పవర్ ఇస్తుంది. టైరు పట్టు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పాత చరిత్ర

గంటకు 100 కి.మీ. వేగాన్ని మొదట దాటిన కారు విద్యుత్ కారే. 1899 వసంతంలో పారిస్ దగ్గరి అషేర్‌లో బెల్జియం వాసి కామీ జెనట్జీ తూటా ఆకారపు తన కారును 105.88 కి.మీ. వేగంతో నడిపాడు. ఆ తర్వాత పెట్రోలు ఇంజను ముందుకు దూసుకుపోయింది, బ్యాటరీ బరువు, దాని కొద్దిపాటి నిల్వ విద్యుత్ కారును వెనక్కి నెట్టేశాయి. 1990లలో మెక్‌లారెన్ ఎఫ్1 తన 6.1 లీటర్ల వి12 ఇంజనుతో, టర్బో లేకుండానే, 60 మైళ్ల వేగాన్ని 3.2 సెకన్లలో అందుకుంది. 2005లో 16 సిలిండర్లు, నాలుగు టర్బోలు, 1,001 హార్స్‌పవర్ గల బుగాటీ వేరాన్ 100 కి.మీ.కి 2.5 సెకన్లని ప్రకటించింది.

2008లో మొదటి టెస్లా రోడ్‌స్టర్ 60 మైళ్లకు దాదాపు నాలుగు సెకన్లు తీసుకుంది. 2014లో వచ్చిన మోడల్ ఎస్ పి85డి ఆ కాలాన్ని 3.2 సెకన్లకు దించింది. అప్పటిదాకా కోట్లు పోసి కొన్న కార్లకే దక్కిన అనుభవం ఒక అయిదు తలుపుల కారులోకి వచ్చింది.

వేడి, చలి, ఎత్తు

ప్రకటించిన త్వరణాన్ని ప్రతిసారీ ఇవ్వడంలో పెట్రోలు కారుది పైచేయి. ట్యాంకులో పావు వంతు ఇంధనం ఉన్నా ఇంజను శక్తి తగ్గదు, బరువు తగ్గి ఇంకాస్త చురుకవుతుంది. బ్యాటరీ అలా కాదు. చార్జి తగ్గే కొద్దీ వోల్టేజి పడిపోయి గరిష్ఠ శక్తి తగ్గుతుంది. చల్లగా ఉంటే రసాయన చర్య మందగిస్తుంది. వరసగా గట్టిగా బయలుదేరితే వేడెక్కి, తనను కాపాడుకోవడానికి శక్తిని తగ్గించుకుంటుంది. అందుకే ప్లెయిడ్‌లో డ్రాగ్ పరుగుకు ముందు బ్యాటరీని తగిన ఉష్ణోగ్రతకు తెచ్చే ప్రత్యేక మోడ్ పెట్టారు.

గాలి విషయానికొస్తే తూకం విద్యుత్ కారు వైపు మొగ్గుతుంది. ఇంజనుకు ఆక్సిజన్ కావాలి, మోటారుకు అక్కర్లేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత 15 డిగ్రీల నాటి కన్నా సుమారు తొమ్మిది శాతం తక్కువ. టర్బో కొంత పూడుస్తుంది గానీ ఆ వేడి గాలిని చల్లబరచడం కూడా కష్టమే. ఎత్తు పెరిగితే దెబ్బ ఇంకా పెద్దది. అమెరికాలోని పైక్స్ పీక్ కొండ పందెం 4,300 మీటర్ల ఎత్తున ముగుస్తుంది. అక్కడ గాలి సముద్ర మట్టం కన్నా మూడో వంతుకు పైగా పలచన. 2013లో సెబాస్టియన్ లోబ్ 875 కిలోల బరువు, 875 హార్స్‌పవర్ ఉన్న పెట్రోలు పెజోతో 8 నిమిషాల 13.878 సెకన్ల రికార్డు నెలకొల్పాడు. 2018లో రోమాన్ డ్యుమా 680 హార్స్‌పవర్ విద్యుత్ ఫోక్స్‌వాగన్ ఐడి.ఆర్‌తో 7 నిమిషాల 57.148 సెకన్లలో ఎక్కేశాడు. కారు ఆకృతి పాత్ర కూడా ఉన్నా, పైకి పోయే కొద్దీ శక్తి తరగని మోటారు లాభం స్పష్టం.

రేసు ట్రాకుల మీద

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున వేసిన 2.8 కి.మీ. వీధి ట్రాకు మీద విద్యుత్ కార్ల పోటీ అయిన ఫార్ములా ఇలో భారతదేశపు తొలి రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ రోజు పరుగెత్తిన మూడో తరం కార్లలో ముందు చక్రాలకు మోటారు ఉన్నా, అది బ్రేకు వేసినప్పుడు కరెంటు తిరిగి రాబట్టడానికే. తోసే పని వెనక చక్రాలదే. ఆ తర్వాత వచ్చిన మెరుగైన రూపం జెన్3 ఎవోలో రేసు ప్రారంభం లాంటి కొన్ని ఘట్టాల్లో ముందు చక్రాలకూ శక్తి ఇచ్చారు. దాంతో 60 మైళ్ల వేగానికి 1.82 సెకన్లు చాలంటున్నారు. ఫార్ములా 1 కారుకు 100 కి.మీ. చేరడానికి సుమారు 2.6 సెకన్లు పడుతుంది. శక్తి తక్కువై కాదు, వెనక రెండు టైర్లే తోస్తాయి కాబట్టి. వేగం పెరిగాక రెక్కలు కారును నేలకు అదిమిపెడితే అదే ఫార్ములా 1 కారు ఫార్ములా ఇ కారును దరిదాపుల్లోకి రానివ్వదు.

కొలిచిన రికార్డుల్లో కళ్లు చెదిరేది స్విట్జర్లాండ్ విద్యార్థులది. 2023 సెప్టెంబరులో జ్యూరిక్ ఇటిహెచ్ విద్యార్థుల చిన్న విద్యుత్ కారు మిథెన్ 100 కి.మీ. వేగాన్ని 0.956 సెకన్లలో, 12.3 మీటర్ల దూరంలోనే అందుకుంది. దాని బరువు సుమారు 140 కిలోలు. కారు అడుగు నుంచి గాలి పీల్చి దాన్ని నేలకు అంటిపెట్టే ఏర్పాటు లేకపోతే అది సాధ్యం కాదు. మండే ఇంధనం పని అయిపోయిందని మాత్రం అనుకోకూడదు. నైట్రోమీథేన్ తాగే అమెరికా టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్లు 100 మైళ్ల వేగాన్ని సెకను లోపే దాటేస్తాయి.

మన షోరూముల్లో

భారతీయ కొనుగోలుదారుకు ఈ చర్చ దగ్గరైంది 2024 నుంచి. ఆ ఏడాది మార్చిలో బివైడి సీల్ పెర్ఫార్మెన్స్ 53 లక్షల ధరతో వచ్చింది. 530 హార్స్‌పవర్, 100 కి.మీ.కి 3.8 సెకన్లు. అంతకన్నా చాలా ఖరీదైన పెట్రోలు కారు బిఎండబ్ల్యు ఎం340ఐ 374 హార్స్‌పవర్‌తో 4.4 సెకన్లు తీసుకుంటుంది. బివైడి సుమారు 430 కిలోలు ఎక్కువ బరువు. ఇంకాస్త కిందికి వస్తే మహీంద్రా బిఇ 6 పెద్ద బ్యాటరీ రకం 30 లక్షల లోపు ధరకే 6.7 సెకన్ల అంకె చెబుతోంది. కొన్నేళ్ల కిందట ఆ ధరలో అలాంటి పెట్రోలు కారు దొరకడం అరుదు. సిగ్నల్ దగ్గరి పికప్‌ను విద్యుత్ చవక చేసింది. మలుపుల్లో బ్రేకు వేసి మళ్లీ ఎత్తుకునే చోట మాత్రం ఆ అదనపు బరువు తన సంగతి తాను చెబుతుంది. టైర్ల అరుగుదలలో కూడా.

రెండూ కలిసిన దారి

పెట్రోలు కారు చివరి కోటగా మిగిలింది అతి వేగపు దశ. సున్నా నుంచి 400 కి.మీ. చేరి, మళ్లీ పూర్తిగా ఆగే పరీక్షను 2017లో బుగాటీ షిరాన్ 42 సెకన్లలోపు ముగించింది. 2023లో క్రొయేషియా విద్యుత్ కారు రిమాట్స్ నెవేరా దాన్ని 29.93 సెకన్లకు తగ్గించింది. 2024లో స్వీడన్ పెట్రోలు కారు కోనిగ్‌సెగ్ యెస్కో అబ్సలూట్ 27.83 సెకన్లతో కిరీటం లాక్కుంది. 2025లో నెవేరా ఆర్ 25.79 సెకన్లతో తిరిగి తీసుకుంది.

ఈలోగా పెట్రోలు కంపెనీలే మోటారును తమ ఇంజను పక్కన చేర్చుకున్నాయి. 2013లో పోర్షె 918 స్పైడర్, 2019లో ఫెరారీ ఎస్‌ఎఫ్90 ఆ దారిలో వచ్చాయి. 2025 నాటి 911 టర్బో ఎస్ కూడా హైబ్రిడ్ అయింది: 711 హార్స్‌పవర్, 100 కి.మీ.కి 2.5 సెకన్లు. టర్బోలను సైతం చిన్న విద్యుత్ మోటార్లు తిప్పడంతో అవి ఊపందుకునే దాకా ఆగాల్సిన పని తగ్గింది. విద్యుత్ కార్ల రిమాట్స్‌తో 2021లో జత కట్టిన బుగాటీ, షిరాన్ వారసుడిగా 2024లో టూర్బియాన్‌ను ప్రకటించింది. అందులో టర్బోలు లేని 8.3 లీటర్ల 16 సిలిండర్ల ఇంజను 1,000 హార్స్‌పవర్, మూడు మోటార్లు 800 హార్స్‌పవర్ ఇస్తాయి. 100 కి.మీ.కి రెండు సెకన్లు. ఇంజను చుట్లు అందుకునే లోపు కారును లాగే పని మోటార్లది, ఆ తర్వాత 400 కి.మీ. దాటేదాకా మోసే పని ఎక్కువగా ఇంజనుది.